ఇచ్చట ఫోటోలు తీయరాదు

సెలవులకు ఊరికి బయలుదేరే తెలుగు కుటుంబం దగ్గర ఒకప్పుడు ఉండేది ఒక్క కెమెరా. అందులో 36 బొమ్మల రీలు ఒకటి. ఆ 36 బొమ్మలు ఎక్కడెక్కడ, ఎవరెవరికి ఖర్చు పెట్టాలో ఇంటి పెద్ద ముందే లెక్క వేసుకునేవారు. ఇప్పుడు అదే ఇంట్లో నలుగురు ఉంటే నాలుగు కెమెరాలు. జేబులో ఫోను ఉన్న ప్రతివారూ ఫోటోగ్రాఫరే. కెమెరాలు పెరిగినట్టే బోర్డులూ పెరిగాయి. గుడి ముందు బోర్డు, మ్యూజియంలో బోర్డు, సినిమా హాల్లో బోర్డు, పవర్‌హౌస్ గేటు దగ్గర బోర్డు. అన్నింటి మీదా ఒకటే మాట: ‘ఇచ్చట ఫోటోలు తీయరాదు.’

ఆ బోర్డు కనబడగానే మనలో రెండు రకాలవారు బయటపడతారు. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని కెమెరా సంచిలో పెట్టేసేవారు కొందరు. అటూ ఇటూ చూసి, కాపలావాడు మొహం తిప్పుకోగానే ఒకటి తీసేసేవారు కొందరు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఎందుకు తీయకూడదు?

అన్ని బోర్డుల మీదా మాట ఒకటే అయినా వాటి వెనుక ఉన్న కారణం ఒకటి కాదు. ఒకచోట భక్తి, ఒకచోట భద్రత. ఒకచోట వస్తువు పాడవుతుందన్న భయం, ఇంకొకచోట మనిషి మర్యాద. కొన్నిచోట్ల డబ్బు. కొన్నిచోట్ల మాత్రం ఎప్పుడో ఎవరో పెట్టిన బోర్డును తీసేసే ఓపిక ఎవరికీ లేకపోవడమే కారణం. ఏ బోర్డు ఏ జాతిదో తెలిస్తే ఎక్కడ కెమెరా దించాలో, ఎక్కడ అనుమతి అడగాలో, ఎక్కడ నిశ్చింతగా తీసుకోవచ్చో మనకే తెలుస్తుంది.

ఇడపనూరు నుంచి బయలుదేరుదాం

ఈ సంగతి చెప్పుకోవడానికి కర్ణాటకలోని రాయచూరు తాలూకా ఇడపనూరు మంచి చోటు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేదిలోని ఊరు ఇది. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడే దాకా ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఇప్పుడు ఆఫీసు భాష, బడి భాష కన్నడమైనా ఈ సీమ ఊళ్ళలో తెలుగు ఇంకా ఇంటి భాషగా వినబడుతూనే ఉంటుంది. సొంత రాష్ట్రం బయట ఉండి తెలుగు నిలుపుకోవడమంటే ఏమిటో ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక్కడినుంచి తుంగభద్ర దాటితే మంత్రాలయం. రాయచూరు పట్నంలో పాత కోట. కృష్ణ ఒడ్డున శక్తినగరంలో థర్మల్ విద్యుత్ కేంద్రం. జిల్లాలోనే మస్కిలో అశోకుడి శాసనం. ఇక ఊరూరా జాతర్లు, ఉరుసులు, పీర్ల పండుగలు. కెమెరా భుజాన వేసుకుని రెండు రోజులు తిరిగితే చాలు, పైన చెప్పిన బోర్డులన్నీ ఎదురవుతాయి.

కెమెరాకు హద్దులు ఎక్కడ అన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కూడా కాదు. ఆరవ నిజాము దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్న రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదా పాటించే ఇళ్ళ ఆడవారు పరాయి మగవాడి ముందు కూర్చోరు. అలాగని వారికి తమ ఫోటో మీద ఇష్టం లేదనుకోకూడదు. అడ్డు వచ్చింది ఫోటో కాదు, తీసే పద్ధతి. పద్ధతి మారగానే ఫోటో వచ్చింది. నూటముప్పై ఏళ్ళ కిందటి ఈ ఏర్పాటులో ఈనాటి ఔత్సాహికులు నేర్చుకోవలసింది చాలా ఉంది.

జాతరలో బోర్డు ఉండదు

ముందు ఊరి పండుగ సంగతి చూద్దాం. ఏరువాక పున్నమి రోజుల్లో రాయచూరులో మున్నూరు కాపు సమాజం ఆధ్వర్యంలో ముంగారు సాంస్కృతిక రాయచూరు హబ్బ జరుగుతుంది. అందులో బండలాగుడు పోటీలకు జనం విరగబడి వస్తారు. అలంకరించిన ఎడ్లు, ఎగిరే దుమ్ము, జనం కేకలు. కెమెరా ఉన్నవాడికి ఇంతకన్న పండుగ ఏముంటుంది? ఇటువంటి చోట చట్టం చెప్పే నిషేధం ఏదీ ఉండదు. నలుగురూ తిరిగే బహిరంగ స్థలంలో జరిగే వేడుకను ఫోటో తీసుకోవడానికి మన దేశంలో ఎవరి లైసెన్సూ అక్కరలేదు.

కాని తాడు ఉంటుంది. ఆ తాడు దాటకూడదు. బరువైన బండను ఈడుస్తున్న ఎడ్లు ఒక్కసారిగా పక్కకు తిరిగితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఎడ్ల కళ్ళలోకి ఫ్లాష్ కొట్టడం ఇంకా ప్రమాదం. అవి బెదిరితే దెబ్బ తగిలేది మనకు మాత్రమే కాదు, పగ్గం పట్టిన రైతుకు కూడా. పీర్ల పండుగలో నిప్పుల గుండం దగ్గరా ఇదే మాట. నిప్పుల మీద నడిచే మనిషికి కావలసింది ఖాళీ దారి. ఆ దారిలో ఫోను పట్టుకుని నిలబడడం భక్తీ కాదు, కళా కాదు.

రెండో హద్దు మనిషి మర్యాద. పుష్కరాల్లో, నదీ స్నానాల్లో తడిబట్టలతో ఉన్న స్త్రీలు కెమెరాకు దృశ్యం కారు. 2019 కుంభమేళా సందర్భంగా అలహాబాదు హైకోర్టు స్నానఘట్టాలకు 100 మీటర్ల లోపు ఫోటోలు తీయకుండా చూడాలని ఆదేశించింది. స్త్రీ ఏకాంతంగా ఉన్నప్పుడు చాటుగా చిత్రం తీయడం 2013 నుంచి మన దేశంలో ప్రత్యేక నేరం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షను. అటువంటి చిత్రాన్ని ఆమె ఒప్పుకుని తీయించుకున్నా, నలుగురికీ పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవారు నేరస్థులే అవుతారు.

ఇక మిగిలింది పలకరింపు. పండుగలో డప్పు కొట్టే తాతను, మిఠాయి అమ్మే అవ్వను దగ్గరగా ఫోటో తీయాలనుకుంటే ముందు నోరు విప్పి అడగాలి. ‘అవ్వా, ఒక ఫోటో తీసుకుందునా?’ అంటే కాదనేవారు అరుదు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అడిగితే ఫోటోతోబాటు ఒక కథ కూడా దొరుకుతుంది.

గుడిలో కెమెరా

మనవారికి అన్నిటికన్న ఎక్కువ కోపం తెప్పించే బోర్డు గుడిలోదే. సముద్రాలు దాటి వచ్చాం, ఒక్క ఫోటో తీసుకోనివ్వరా అని అడుగుతారు.

తిరుమల ఆలయంలోకి కెమెరాలు, సెల్‌ఫోన్లు తీసుకువెళ్ళనివ్వరు. ముందుగానే కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు తమిళనాడు ఆలయాలన్నింటిలో సెల్‌ఫోన్లు నిషేధించాలని ఆదేశించింది. 2023 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ముజరాయి శాఖ కింద ఉన్న గుళ్ళలో సెల్‌ఫోను వాడకం నిషేధించింది. రాయచూరు సీమలో ముజరాయి గుడికి వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నది దాటి మంత్రాలయం వెళితే అది వేరే రాష్ట్రం, వేరే యాజమాన్యం. అక్కడి మఠం పద్ధతి అక్కడివారినే అడిగి తెలుసుకోవాలి.

ఈ నిషేధాల వెనుక రెండు కారణాలున్నాయి. మొదటిది ఆగమ మర్యాద. గర్భాలయంలోని మూర్తిని స్వయంగా వచ్చి దర్శించుకోవాలే గాని, బొమ్మగా పట్టుకుపోకూడదన్నది ఒక నమ్మకం. దీన్ని నమ్మినా నమ్మకపోయినా, ఆ ఇల్లు వారిది కనుక పద్ధతీ వారిదే. రెండవది క్యూ. వేలమంది వరసలో నిలబడి ఉండగా ఒక్కొక్కరు పది సెకన్లు ఆగి ఫోను ఎత్తితే, వెనకాల చంటిబిడ్డతో నిలబడ్డ తల్లికి ఆ సెకన్లు గంటలవుతాయి. మూడోది ఈమధ్య తోడైంది. గుడి ముందు సినిమా పాటలకు గంతులేస్తూ రీల్సు తీసేవారి బెడద ఎక్కువై, 2025 జూలైలో తిరుమల తిరుపతి దేవస్థానం అటువంటివారి మీద చట్టప్రకారం చర్య తీసుకుంటామని హెచ్చరించవలసి వచ్చింది. కొద్దిమంది చేసినదానికి శ్రద్ధగా ఫోటో తీసుకునే వారందరూ కెమెరా అప్పగించవలసి వస్తోంది.

నిజానికి గుడి లోపలి ఫోటో మన చేతిలో బాగా రాదు కూడా. చీకటి, పొగ, తోపులాట. గాలిగోపురం, కోనేరు, మెట్ల మీద కొబ్బరికాయలు అమ్మే అంగడి, గుండు చేయించుకుని సిగ్గుపడుతున్న మనవడు... ఇవన్నీ బయటే ఉన్నాయి.

కోటలు, శాసనాలు: బోర్డు మారిన చోటు

ఇప్పుడు ఒక మంచి వార్త. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ఒకప్పుడు ఫోటోలకు చోటుకొక నియమం ఉండేది. 2018 జూలైలో ఆ శాఖ తన పద్ధతి మార్చింది. అజంతా గుహలు, లేహ్ రాజభవనం, తాజ్‌మహల్‌లోని సమాధి మందిరం తప్ప మిగిలిన కేంద్ర రక్షిత కట్టడాలన్నింటి ఆవరణల్లో ఫోటోలు తీసుకోవచ్చని ప్రకటించింది. అంటే హంపిలో, లేపాక్షిలో, మస్కిలో కెమెరా బయటికి తీయడానికి భయపడనక్కరలేదు. స్టాండు నిలబెట్టాలన్నా, సినిమా వాళ్ళలాగా షూటింగు చేయాలన్నా మాత్రం ముందుగా అనుమతి కావాలి. డ్రోను సంగతి పూర్తిగా వేరు. దానికి 2021 డ్రోన్ నిబంధనలున్నాయి, ఎగరకూడని మండలాలున్నాయి. పెళ్ళి వీడియోవాడు తెచ్చాడు కదా అని కోట మీదికి ఎగరేయించకండి.

మస్కి శాసనం సంగతి చెప్పాలి. 1915లో సి. బీడన్ అనే గని ఇంజనీరు కంటబడ్డ ఈ శాసనంలో ‘అశోక’ అన్న పేరు స్పష్టంగా కనిపించింది. అంతకుముందు దొరికిన శాసనాల్లో ఎక్కువగా ‘దేవానాంప్రియ’, ‘ప్రియదర్శి’ అన్న బిరుదులే ఉండేవి. ఆ ప్రియదర్శి అశోకుడే అనడానికి మన రాయచూరు రాయి సాక్ష్యం చెప్పింది. రాయచూరు కోటలో 1294 నాటి తెలుగు శాసనం ఇంకొకటి. కాకతీయుల కాలపు ఆ శాసనం చెక్కిన రాతిపలక పొడవు 40 అడుగులకు పైమాటే. ఇతర రాష్ట్రంలో ఉంటున్న తెలుగు పిల్లవాడికి ‘మన అక్షరాలు ఇక్కడ ఏడు వందల ఏళ్ళ నుంచి ఉన్నాయి’ అని చూపించడానికి అంతకన్న పెద్ద పుస్తకం ఏం కావాలి?

శాసనం ఫోటోకు ఒక చిన్న కిటుకు. నడినెత్తిన ఎండలో గాని, ఎదురుగా ఫ్లాష్ కొట్టిగాని తీస్తే రాయి తెల్లబోయి అక్షరం కనబడదు. పొద్దున్నే, లేకపోతే పొద్దువాలే వేళ, ఎండ పక్కనుంచి వాలుగా పడేటప్పుడు తీయండి. ప్రతి గీతలోనూ నీడ నిలిచి అక్షరం లేచి వస్తుంది. అక్షరాలు బాగా కనబడాలని సుద్ద పూయడం, నీళ్ళు చల్లడం, నూనె రాయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

వెలుగు కూడా తినేస్తుంది

మ్యూజియంలో, చిత్తరువులున్న మండపంలో ‘ఫ్లాష్ వాడరాదు’ అని ఉంటే దాని వెనుక ఉన్నది రంగుల బాధ. వెలుగు వల్ల రంగు వెలుస్తుంది, బట్ట పెళుసవుతుంది. ఒకసారి వెలిసిన రంగు చీకట్లో పెట్టినా తిరిగి రాదు. నష్టం కొంచెం కొంచెంగా పోగవుతూ పోతుంది. అందుకే నీటిరంగుల చిత్రాలు, పాత పట్టుబట్టలు, తాళపత్రాల వంటివి ఉన్నచోట మ్యూజియంవారు వెలుగును 50 లక్సుల దగ్గర ఆపుతారు. మనం చదువుకునే బల్లమీది దీపం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగునిస్తుంది. ‘ఇంత చీకటిగా ఉందేమిటి, లైట్లు వేయరేం’ అని విసుక్కునే చోట నిజానికి ఒక వైద్యం జరుగుతోందన్నమాట.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలు చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. అక్కడ ఫోటో తీసుకోండి, ఫ్లాష్ మాత్రం ఆపండి. ఇప్పటి ఫోన్లు మసక వెలుగులోనూ బాగానే తీస్తాయి. మోచేతులు స్తంభానికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే బొమ్మ కదలదు.

కొన్ని పార్కుల్లో, జంతుప్రదర్శనశాలల్లో, మ్యూజియాల్లో కెమెరాకు వేరే టికెట్టు ఉంటుంది. ఇది నిషేధం కాదు, ఆదాయం. టికెట్టు కొని రసీదు దగ్గర పెట్టుకుంటే సరి. తీసుకున్న డబ్బుకు రసీదు అడగడం మన హక్కు.

పవర్‌హౌస్, విమానం

శక్తినగరం గేటు దగ్గర ఫోటో తీస్తుంటే కాపలావారు కేకలేస్తే కోపం తెచ్చుకోకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ‘నిషిద్ధ స్థలం’ అనే మాట వాడుతుంది. సైనిక స్థావరాలు, ఆయుధ కర్మాగారాలు ఆ కిందికి వస్తాయి. నోటిఫికేషను ఇస్తే రైలు మార్గాలు, విద్యుత్తు, నీటి సరఫరా కేంద్రాలు కూడా వస్తాయి. ఆ చట్టంలో ‘స్కెచ్’ అంటే ఫోటో కూడా అని స్పష్టంగా రాశారు. గూఢచారులను దృష్టిలో పెట్టుకుని తెల్లదొరలు చేసిన చట్టమిది. ఉపగ్రహం అన్నీ చూస్తున్న ఈ రోజుల్లో ఇంకా అవసరమా అని అడగవచ్చు. కాని అడగవలసింది గేటు దగ్గర కాపలా కాసే మనిషిని కాదు.

విదేశాలనుంచి వచ్చేవారికి విమానం సంగతి కూడా తెలియాలి. 1937 విమాన నిబంధనల్లో 13వ నియమం ప్రభుత్వ విమానాశ్రయాల్లో, విమానంలోనుంచి ఫోటోలు తీయడానికి అనుమతి కావాలని చెప్పింది. 2004లో పౌర విమానయాన డైరెక్టరేటు ప్రయాణికులకు దాన్ని సడలించింది. రక్షణ శాఖ విమానాశ్రయాల్లో మాత్రం సడలించలేదు. 2025 మే నెలలో అటువంటి విమానాశ్రయాల్లో ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు ఫోటోలు తీయరాదని మళ్ళీ గట్టిగా ఆదేశాలిచ్చారు. పూణె వంటి చోట్ల వైమానిక దళం రన్‌వే మీదే మామూలు విమానాలూ దిగుతాయి. కిటికీలోంచి కనబడేదంతా సెలవుల ఆల్బముకు పనికిరాదు.

వేదిక ముందు

ఇక మన గడపలోకి వద్దాం. ఉగాది, సంక్రాంతి వేడుకల్లో పిల్లల నాట్యం మొదలు కాగానే మొదటి వరసలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. తల్లిదండ్రులు లేచి నిలబడతారు. వారి వెనకాల కూర్చున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు మనవరాలు కనబడదు, ఎవరిదో వీపు కనబడుతుంది.

చట్టం ఇక్కడ ఔత్సాహికుడికి అనుకూలంగానే ఉంది. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ కళాకారులకు తమ ప్రదర్శన మీద ప్రత్యేక హక్కు ఇచ్చింది. కాని సొంతానికి, బోధనకు, పరిశోధనకు రికార్డు చేసుకుంటే ఆ హక్కుకు భంగం కాదని అదే చట్టం చెబుతుంది. ఇంట్లో చూసుకోవడం సొంతం. ఇంటర్నెట్టులో పెట్టి డబ్బు చేసుకోవడం సొంతం కాదు. అతిథిగా వచ్చిన విద్వాంసులు వద్దన్నప్పుడు మానేయడం చట్టాన్ని మించిన మర్యాద.

ఫ్లాష్ సంగతి మాత్రం మర్యాదతో సరిపోయేది కాదు. కూచిపూడి తరంగంలో అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడుతుంది. ఆ క్షణాన కళ్ళలో ఫ్లాష్ పడితే చూపు చెదిరి కాలు తప్పవచ్చు. పైగా ఫోను ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పనిచేయదు. పదో వరసనుంచి కొడితే ముందువారి తలలే వెలుగుతాయి. వేదిక మీద దీపాలు చాలినన్ని ఉంటాయి. తీర్మానం దగ్గర నర్తకి ఒక్క క్షణం శిల్పంలా నిలుస్తుంది. ఆ క్షణం కోసం కాచుకుని తీయండి.

సినిమా హాలు విషయంలో మాత్రం చట్టం చాలా కఠినం. అభిమాన హీరో తెరమీద ప్రవేశించగానే ఫోను ఎత్తడం మన కుర్రవాళ్ళకు సరదా. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం హాల్లో తెరమీది సినిమాను అనుమతి లేకుండా రికార్డు చేస్తే మూడు నెలలకు తక్కువ కాకుండా జైలు, మూడు లక్షలకు తక్కువ కాకుండా జరిమానా పడవచ్చు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి పంపండి.

అడిగితే మారిన సందర్భాలు

బోర్డును గౌరవించమని చెప్పడమంటే ప్రతి బోర్డుకూ తల వంచమని కాదు. 2004 మే నెలలో న్యూయార్కు రవాణా సంస్థ భూగర్భ రైళ్ళలో ఫోటోలు నిషేధిస్తామని ప్రతిపాదించింది. కారణం భద్రత అంది. సొంత నగరాన్ని ఫోటో తీసుకోవడం నేరమెలా అవుతుందని మామూలు ప్రయాణికులు, ఔత్సాహికులు అడిగారు. ఏడాది తిరిగేసరికి ఆ ప్రతిపాదన వెనక్కు పోయింది. లండన్లో 2000 నాటి ఉగ్రవాద చట్టంలోని 44వ సెక్షను ఆసరాగా పోలీసులు వీధుల్లో ఫోటోలు తీసేవారిని ఆపి సోదా చేసేవారు. 2010 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ అధికారం తప్పన్నది. అదే నెల ఫోటోగ్రాఫర్లు ట్రఫాల్గర్ స్క్వేర్లో కెమెరాలతో గుమిగూడి నిరసన తెలిపారు. జూలైకల్లా ఆ సెక్షను వాడకం నిలిచిపోయింది. మన దేశంలో 2018లో పురావస్తు శాఖ నియమం మారడం పైన చూశాం. దొంగతనంగా ఒకటి తీసుకుని పోయినవారివల్ల ఏ నియమమూ మారలేదు. ఎందుకని అడిగినవారివల్ల మారింది.

మిమ్మల్ని ఎవరైనా ఆపినప్పుడు ముందు కెమెరా దించండి. ‘నియమం ఎక్కడ రాసుంది, ఎవరిని అడిగితే అనుమతి ఇస్తారు?’ అని నెమ్మదిగా అడగండి. ప్రైవేటు స్థలమైతే మిమ్మల్ని బయటికి పొమ్మనే హక్కు యజమానికి ఉంటుంది. అంతమాత్రాన మీ ఫోను లాక్కునే అధికారం కాపలావాడికి రాదు. స్వాధీనం చేసుకోవడమనేది చట్ట ప్రకారం పోలీసులు చేయవలసిన పని. దానికి కాగితం రాసివ్వాలి.

మన వేడుకలకు కొన్ని సూచనలు

1. కార్యక్రమం మొదట్లోనే ఫోటోల నియమం ఏమిటో, ఎందుకో వేదిక మీదినుంచి ఒక్క నిమిషంలో చెప్పాలి. కారణం చెప్పని నియమం నిలవదు.

2. ఫోటోలు తీసేవారికి హాలు పక్కన ఒక చోటు కేటాయించాలి. మధ్యదారిలో, మొదటి వరస ముందు ఎవరూ నిలబడకూడదు.

3. నాట్యం సాగుతుండగా ఫ్లాష్ వద్దు. చివర పిల్లలందరినీ వేదిక మీద అయిదు నిమిషాలు నిలబెడితే ఎవరికి కావలసినట్టు వారు తీసుకుంటారు.

4. ఇతరుల పిల్లల ఫోటోలు పత్రికలో వేయాలన్నా, బయటికి పంపాలన్నా తల్లిదండ్రులను అడగాలి.

5. సంఘంలోని ఔత్సాహికులు ఇద్దరికి బాధ్యత అప్పగించి, వారు తీసినవి అందరికీ అందిస్తే మిగిలినవారు చేతులు దించి కార్యక్రమం చూడగలుగుతారు.

బోర్డు లేని చోట

చివరగా ఒక్క మాట. తీయకూడని చోట ఒక్క ఫోటో కోసం మనం పడే తాపత్రయంలో పదో వంతు తీయదగిన చోట పడుతున్నామా?

తిరుమల గోపురం, తాజ్‌మహల్, చార్మినార్ ఫోటోలు లక్షలున్నాయి. మనం తీయకపోయినా అవి ఎక్కడికీ పోవు. ఇడపనూరు వంటి ఊళ్ళో మట్టిమిద్దె ఇల్లు, ఊరి బావి, రచ్చకట్ట మీద కూర్చున్న ముసలివాళ్ళు, జొన్నరొట్టె చేత్తో తట్టి పెనం మీద వేసే నాయనమ్మ, ఒక పక్క కన్నడం ఇంకో పక్క తెలుగు రాసి ఉన్న అంగడి... వీటి ముందు ఏ బోర్డూ లేదు. ఏ టికెట్టూ లేదు. ఏ కాపలావాడూ ఆపడు. నాయనమ్మను అడిగితే చాలు. ‘నా మొహానికి ఫోటో ఎందుకురా’ అంటూనే కొంగు సర్దుకుంటుంది.

వచ్చే సెలవులకు ఆ ఇల్లు పడగొట్టి స్లాబు వేసి ఉండవచ్చు. ఆ బావి పూడ్చి ఉండవచ్చు. మన పిల్లలు రేపు తెలుగు ఊరంటే ఎలా ఉండేదని అడిగితే చూపించడానికి వేరే ఎవరూ తీసిపెట్టరు. ప్రెస్సువారు రారు, స్టూడియోవారు రారు. అది ఔత్సాహికుల పనే, అంటే మన పనే.

తీసినవాటిని ఫోనులోనే వదిలేయకుండా కొన్నింటినైనా కాగితం మీద వేయించండి. వెనకాల పెన్సిలుతో ఊరు, తేదీ, ఎడమనుంచి కుడికి వరసగా ఎవరెవరో రాయండి. యాభై ఏళ్ళ తరవాత ఆ ఫోటో చేతిలోకి తీసుకున్న మనవడు వెనక్కి తిప్పి చూసినప్పుడు, ఆ పేర్లు తెలుగులో కనబడాలి.